తేదీల వరసలో మూడో పట్టిక

మంగళవారం ఉదయం పది గంటల నలభై నిమిషాలకు, అచ్చుకు వెళ్ళబోతున్న తన పరిశోధన వ్యాసంలో తప్పు ఉందని ఖగోళ శాస్త్రవేత్త గుర్తించింది. ప్రూఫులు దిద్ది పంపడానికి సాయంత్రం అయిదు వరకు గడువు ఉంది.

తప్పు మూడో పట్టికలో బయటపడింది. ఆ పట్టికలో ఉన్నవి లెక్కలోంచి తీసేసిన నక్షత్రాలు, మొత్తం మూడు. ఆమె వాటిని నంబర్ల వరసలో పంపింది. పత్రికలో పేజీలు కూర్చే మనిషి వాటిని తేదీల వరసలోకి మార్చాడు. ఎందుకు మార్చాడో ఎక్కడా రాయలేదు. మళ్ళీ నంబర్ల వరసలో పెట్టమని అంచున రాయడానికి ఆమె ఎర్ర పెన్ను తీసింది. సగం మాట రాసి ఆగింది.

మొదటి రెండు నక్షత్రాలనూ చూసింది ఒకే రాత్రి, నిరుడు జూన్‌లో. పాత కొలతలతో పోలిస్తే రెండింటి వేగంలోనూ తేడా సెకనుకు ఎనిమిది కిలోమీటర్లు. రెండూ ఒకే వైపు జరిగాయి. మూడోదాన్ని జులైలో చూశారు. దాని తేడా పదిహేను.

ఆమె పక్క గదికి ఫోన్ చేసింది.

"ఒకసారి రా. ప్రూఫులు తెచ్చుకో."

"మళ్ళీ కామాలా మేడం?"

"కామాలయితే బాగుండేది."

వచ్చిన అమ్మాయి ఒకప్పుడు ఆమె శిష్యురాలు. ఇప్పుడు అదే సంస్థలో పరిశోధకురాలు, ఈ వ్యాసంలో రెండో పేరు ఆమెది. వేగాలు కొలిచింది శాస్త్రవేత్త. ఆ వేగాల నుంచి బరువు లెక్క కట్టింది శిష్యురాలు.

వ్యాసం ఒక తారాగుచ్ఛం గురించి. మన పాలపుంత అంచున, పద్దెనిమిది వేల కాంతి సంవత్సరాల దూరంలో, మూడు లక్షల నక్షత్రాలు ఒక బంతిలా గుమిగూడి ఉన్నాయి. ఆ బంతి నడిబొడ్డున కృష్ణబిలం ఉందా, లేదా? ఆమె పదకొండేళ్ళుగా అడుగుతున్న ప్రశ్న అదొక్కటే. సంస్థలో ఆమెను చాటున గుత్తి మేడం అంటారు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

కృష్ణబిలాల్లో చిన్నవి దొరికాయి, పది మంది సూర్యుల బరువువి. పెద్దవి దొరికాయి, గెలాక్సీల మధ్యలో కూర్చున్నవి, లక్షల నుంచి కోట్ల సూర్యుల బరువువి. మధ్య సైజువే సరిగా దొరకలేదు. చొక్కాల కొట్లో పసిపిల్లల సైజూ, పహిల్వాన్ సైజూ ఉండి మిగతావి లేనట్టు. చిన్నవి పెద్దవెలా అయ్యాయో చెప్పాలంటే మధ్యవి చూపించాలి. చూపించామని ఈ వ్యాసం చెబుతోంది. గుచ్ఛం అంచున నక్షత్రాల వేగాల్లో చెదురు, అంటే సగటు వేగానికి అవి అటూ ఇటూ తేడాపడే మేర, సెకనుకు ఆరు కిలోమీటర్లు. నడిబొడ్డున కొలిచిన పద్నాలుగు నక్షత్రాల వేగాల్లో ఆ చెదురు పదమూడు కిలోమీటర్లు. మధ్యలో కంటికి కనబడని బరువేదో ఉండి తిప్పితే తప్ప అవి అంత వేగంగా తిరగవు. శిష్యురాలి లెక్క ప్రకారం ఆ బరువు ఆరు వేల సూర్యులు.

శిష్యురాలు పట్టిక చూసింది.

"ఇవి జంటలు కదా మేడం. మనమే తేల్చాం."

ఒక నక్షత్రం వేగం రెండుసార్లు కొలిస్తే రెండు రకాలుగా వచ్చిందంటే, దాని పక్కన కనబడని తోడు ఉండి ఊపుతోందని అర్థం. అలాంటి వాటిని జంట అని రాసి పక్కన పెట్టడం ఈ రంగంలో అలవాటు. ఎవరూ కారణం అడగరు. ఈ మూడింటినీ అలాగే పక్కన పెట్టారు.

"రెండు జంటలు ఒకే రాత్రి, ఒకే వైపు, ఒకే ఎనిమిది కిలోమీటర్లు జరిగాయి. ముందే మాట్లాడుకున్నాయంటావా?"

శిష్యురాలు పట్టికలో తేదీల మీద వేలు పెట్టి చూసింది.

"ఆ రాత్రికి భూమి దిద్దుబాటు ఎంతో చూడు."

శిష్యురాలు నిలబడే కీబోర్డు లాక్కుని తేదీ కొట్టింది.

"మైనస్ ఎనిమిది."

"జులై?"

"మైనస్ పదిహేను." ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది.

నక్షత్రం వేగాన్ని దాని వెలుగులోని గీతల నుంచి కొలుస్తారు. నక్షత్రం మన వైపు వస్తే గీతలు ఒక పక్కకు, దూరం పోతే రెండో పక్కకు జరుగుతాయి. అయితే కొలిచే మనిషి కూడా నిలకడగా లేడు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతూ సగం ఏడాది ఆ గుచ్ఛం వైపు పోతుంది, సగం ఏడాది దానికి దూరంగా పోతుంది. అందుకని ఆ రోజు భూమి ఎటు ఎంత వేగంతో పోతోందో చూసి కొలతను సవరిస్తారు. దాన్నే భూమి దిద్దుబాటు అంటారు. ఆ సవరణ ఆమె రాసుకున్న ప్రోగ్రాం పదకొండేళ్ళుగా చేస్తోంది. నిరుడు వేధశాలలో పెట్టిన కొత్త పరికరం సాఫ్ట్‌వేర్ కూడా అదే పని చేసినట్టుంది. ఒకే దిద్దుబాటు రెండుసార్లు పడింది.

పాత కొలతలు ఉన్నవి ఆ మూడు నక్షత్రాలకే కాబట్టి వాటిలో తేడా కనబడింది. మిగతా పద్నాలుగింటినీ కొత్త పరికరంతో ఒక్కొక్కసారే చూశారు. పోల్చడానికి ఏమీ లేదు.

"ముగ్గురు సమీక్షకులు చూశారు మేడం. ఒక్కడూ అడగలేదు."

"వాళ్ళకీ నంబర్ల వరసలోనే పంపాం."

పదకొండున్నరకు ఇద్దరూ పరికరం మాన్యువల్ తెరిచారు. నిరుడు అచ్చయిన దాని నూట నలభై రెండో పేజీలో ఒక వాక్యం ఉంది. "ఈ సంవత్సరం నుంచి భూమి దిద్దుబాటును సాఫ్ట్‌వేరే చేస్తుంది." నెల లేదు. ఈ మార్పు గురించి అప్పట్లో వేధశాల వెబ్‌సైట్‌లో ప్రకటన పెట్టినట్టు మాన్యువల్ చెప్పింది. ఆ పేజీ తెరిస్తే క్యాంటీన్ వేళలు వచ్చాయి.

నెల తెలియకపోతే పని జరగదు. కొత్త పరికరంతో వాళ్ళు చూసింది అయిదు రాత్రులు. ఫిబ్రవరి, మార్చి, మే నెలల్లో ఒక్కొక్కటి, తర్వాత జూన్, జులై. మే నెల రాత్రి దిద్దుబాటు సున్నాకు దగ్గర. రెండుసార్లు పడినా పెద్ద తేడా రాదు. జూన్, జులై కొలతలు రెండుసార్లు దిద్దినవని తేలిపోయింది. ఫిబ్రవరి, మార్చి సంగతి తెలియదు. ఆ రెండు రాత్రుల్లో చూసినవి ఏడు నక్షత్రాలు.

"రెండు రకాలుగానూ లెక్క కట్టు. సాఫ్ట్‌వేర్ ఏప్రిల్లో మారి ఉంటే ఎంత, జనవరిలోనే మారి ఉంటే ఎంత."

శిష్యురాలు తన గదికి వెళ్ళింది. శాస్త్రవేత్త వేధశాలకు ఫోన్ చేసింది. అక్కడి గుమస్తా ఎత్తాడు.

"సాఫ్ట్‌వేర్ ఆయన ఉన్నారా?"

"మాన్యువల్ గారా? సెలవులో ఉన్నారండీ."

ఆ ఉద్యోగి ఏ ప్రశ్న అడిగినా అది మాన్యువల్‌లో ఉంది అంటాడు. అందుకని అందరికీ ఆ పేరే అలవాటయింది.

"ఆయన లేకపోతే ఇంకెవరు చూస్తారు?"

"ఎవరూ చూడరండీ. ఆయన ఉంటేనే చూడరు."

"సాఫ్ట్‌వేర్ ఎప్పుడు మార్చారో ఎక్కడయినా రాసి ఉంటుందా?"

"డైరీలో రాసుకుంటారు. డైరీ బీరువాలో పెడతారు."

"బీరువా తెరవగలరా?"

"తాళం ఆయన దగ్గరుంటుందండీ. పోయినసారి ఎవరో తెరిచారని అప్పట్నుంచీ ఎవరికీ ఇవ్వట్లేదు."

మాన్యువల్ సొంత నంబర్ తీసుకుని ఆమె మూడుసార్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు. ఈమెయిల్ పంపితే నిమిషంలో జవాబు వచ్చింది. "నేను సెలవులో ఉన్నాను. మీ ప్రశ్నకు జవాబు మాన్యువల్‌లో ఉండవచ్చు."

ఇంకో దారి ఉంది. నక్షత్రం వెలుగు మన గాలిలోంచి వస్తుంది కాబట్టి గాలిలోని ఆక్సిజన్ కూడా అందులో తన గీతలు వేస్తుంది. గాలి భూమితోపాటే తిరుగుతుంది కనుక ఆ గీతలు ఉన్న చోటే ఉండాలి. సాఫ్ట్‌వేర్ దిద్దుబాటు చేసి ఉంటే నక్షత్రం గీతలతోపాటు వాటినీ జరిపేసి ఉంటుంది. ఫిబ్రవరి ఫైలులో గాలి గీత ఎక్కడుందో చూస్తే చాలు. ఆమె దగ్గరున్న ఫైళ్ళలో అవి లేవు. పరిశోధకులకు పంపేముందు వాటిని తుడిచేస్తారు. తుడవని నకళ్ళు వేధశాల భాండాగారంలో ఉంటాయి. పన్నెండు గంటల అయిదు నిమిషాలకు ఆమె వాటికి దరఖాస్తు పెట్టింది. వరసలో నలభై ఒకటో స్థానం వచ్చింది. నాలుగు గంటల నుంచి రెండు పనిదినాల దాకా పట్టవచ్చని తెరమీద కనబడింది.

పత్రిక కార్యాలయానికి రాసి గడువు పెంచమంది. ఇప్పటికే రెండుసార్లు పెంచామని, అయిదు దాటితే ప్రూఫు ఉన్నది ఉన్నట్టే అచ్చుకు పోతుందని జవాబు వచ్చింది. కింద ఎవరి పేరూ లేదు.

పన్నెండున్నరకు శిష్యురాలు కాగితం పట్టుకుని వచ్చింది.

"ఏప్రిల్ అయితే చెదురు పదిన్నర. బిలం ఉంది, బరువు మూడు వేలు. జనవరి అయితే ఆరు పాయింట్ ఎనిమిది."

"అంటే?"

"అంటే ఏమీ లేదు. అంచున ఎంతో మధ్యలోనూ దాదాపు అంతే."

ఒంటిగంటా పది నిమిషాలకు ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ముప్పయ్యేళ్ళు పనిచేసిన మనిషి. ఫోన్లో ఇప్పటికీ హలో అనదు, నేరుగా విషయంలోకి వస్తుంది.

"ఎల్లుండి పేపర్లో నీ వార్త ఏ పేజీలో వస్తుంది అమ్మాయ్?"

"ఇంకా ఖాయం కాలేదు అత్తయ్యా."

"నేను పేపరువాడికి అయిదు కాపీలు చెప్పేశానే. కింది ఫ్లోర్ వాళ్ళకి రెండు. ఆవిడ కొడుకు బ్యాంకు పరీక్ష పాసయితే ఆర్నెల్లు చెప్పింది, నాకూ ఒక రోజు రావాలిగా."

"వద్దని చెప్పండి. ఒక పొరపాటు జరిగింది."

"ఎవరు చేశారు?"

ఆమె చెప్పింది. తన ప్రోగ్రాం దిద్దిందని, వాళ్ళ సాఫ్ట్‌వేర్ కూడా దిద్దిందని.

"కూరలో ఇద్దరూ ఉప్పేశారన్నమాట. నువ్వేసేముందు రుచి చూడలేదా?"

"లేదు."



"పదకొండేళ్ళు వెతికావు. తాళంచెవి అయితే ఈపాటికి మారుతాళం చేయించేవాళ్ళం. సరే, తిన్నావా?"

"తింటాను."

"తినలేదన్నమాట," అని అత్తగారు ఫోన్ పెట్టేసింది.

రెండు గంటలకు ప్రచార విభాగం అధికారి తలుపు దగ్గర నిలబడ్డాడు. అతని చేతిలో పత్రికా ప్రకటన ముసాయిదా ఉంది. బుధవారం ఉదయం పదకొండుకు విడుదల చేయాలి.

"శీర్షికలో 'రాకాసి' అన్న మాట పెట్టవచ్చా మేడం? కృష్ణబిలం అంటే ఎవరూ చదవట్లేదు."

"ప్రకటన ఆపండి."

"రాకాసి తీసేస్తాను."

"మొత్తం ఆపండి. అయిదింటికి చెబుతాను."

"డైరెక్టర్ గారు మంత్రిత్వ శాఖకి నిన్ననే చెప్పేశారు మేడం."

"మీరెందుకు చెప్పనిచ్చారు?"

"నేను చెప్పనివ్వడమేంటి మేడం? ఆయన నన్నడిగి తుమ్ముతారా?"

అతను వెళ్ళిపోయాడు. ముసాయిదా బల్లమీదే మరిచిపోయాడు.

మూడు గంటల ఇరవై అయిదు నిమిషాలకు మాన్యువల్ నంబర్‌లో ఫోన్ ఎత్తారు. ఎత్తింది ఆయన భార్య.

"కంటి ఆస్పత్రిలో ఉన్నామండీ. ఈయన కళ్ళలో చుక్కలు వేశారు, ఇంకో గంటదాకా ఏమీ కనబడదట. పొద్దున్నుంచీ నర్సుకి చుక్కలెలా వెయ్యాలో చెబుతున్నారు. ఇస్తున్నా ఉండండి."

"నమస్కారమండీ," అంది శాస్త్రవేత్త. "ఒక్క తేదీ కావాలి. భూమి దిద్దుబాటు మీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టింది ఎప్పుడు?"

"మాన్యువల్ చూశారా?"

"చూశాను. ఈ సంవత్సరం నుంచి అని ఉంది."

"మరి ఉందిగా."

"ఏ నెల అండీ?"

"నెల రాయలేదా?"

"లేదు."

"రాశాననుకున్నానే." ఆయన కాసేపు ఆలోచించాడు. "ఏప్రిల్ అమ్మా."

"డైరీ చూడకుండా చెబుతున్నారు కదా."

"డైరీ బీరువాలో ఉంది. బీరువా కొండమీద ఉంది. తాళం నా జేబులో ఉంది. నేను కళ్ళు మూసుకుని ఇక్కడున్నాను. ఏప్రిలే. నా గదిలో ఫ్యాన్ చెడిపోయింది, చెమటలు కక్కుతూ చేశాను. బాగా గుర్తుంది."

"రాసివ్వగలరా?"

"కళ్ళు కనబడగానే రాసిస్తాను. ఇంతకీ మీరు దిద్దుబాటు ఇంకోసారి చేశారా ఏంటి?"

"చేశాను."

"మాన్యువల్ చదవాల్సిందమ్మా," అన్నాడు ఆయన.

ఆమె ఫోన్ పెట్టేసరికి శిష్యురాలు ఎదురుగా నిలబడి ఉంది. ఏప్రిల్ అన్న మాట ఆమెకూ వినబడింది.

"మూడు వేలు మేడం. బిలం ఉంది."

"ఆయన ఫ్యాను చెడిపోయింది ఏప్రిల్లో. అంతవరకే మనకు తెలుసు."

"ఆ సాఫ్ట్‌వేర్ రాసింది ఆయనే. ఆయన మాట ఆధారం కాదా? ప్రూఫులో అంకెలు మార్చవచ్చు. ఆరు వేలు తీసి మూడు వేలు పెడదాం. నాలుగు చోట్ల మార్చాలి, ఒక బొమ్మ మార్చాలి. గంట చాలు."

"ఫ్యాను చెడిపోయిన నెలను బట్టి లెక్క కట్టామని అడుగున రాద్దామా?"

"ఎగతాళి చేయకండి మేడం. తర్వాత తప్పని తేలితే సవరణ వేద్దాం. అందరూ వేస్తారు."

"సవరణ ఎవరు చదువుతారు?"

"ఇందులో నావి రెండేళ్ళున్నాయి."

"నావి పదకొండు."

"అందుకేగా అంటున్నాను. మీకంటే నాకెక్కువ తొందరా?"

శాస్త్రవేత్త భాండాగారం పేజీ తెరిచి చూసింది. వరసలో తొమ్మిదో స్థానం. పక్కన కాగితం మీద అంకెలు మార్చాల్సిన నాలుగు చోట్లూ రాసిపెట్టమని శిష్యురాలికి చెప్పింది. శిష్యురాలు రాసింది. నాలుగు గంటల అయిదు నిమిషాలకు స్థానం ఏడు. నాలుగుంబావుకు కూడా ఏడే. శాస్త్రవేత్త భాండాగారానికి ఫోన్ చేసింది. మీ ఫోన్ మాకు ముఖ్యమని రికార్డు చేసిన గొంతు ఆరుసార్లు చెప్పింది, తర్వాత లైను తెగింది.

"అయిదులోపు రాకపోతే?" అని శిష్యురాలు అడిగింది.

"తెలియదు."

"తెలియదంటే ఎలా మేడం? రాకపోతే ఏం చేస్తారో ఇప్పుడే చెప్పండి. ఊరుకుంటే ఆరు వేలే అచ్చవుతుంది. అది తప్పని ఇద్దరికీ తెలుసు."

"ఊరుకోను."

"మరి మూడు వేలు పంపుతారా?"

శాస్త్రవేత్త లేచి కిటికీ తీసింది. కింద వాహనాలు నిలిపే చోట ఎవరో కారు వెనక్కి తీస్తున్నారు, కాపలాదారు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె కిటికీ మూసి వచ్చి కూర్చుంది.

"మూడు వేలు అయి ఉండాలని నాకూ ఉంది," అంది. "ఆయన ఏప్రిల్ అనగానే నేను ఇంకో ప్రశ్న అడగకుండా ఫోన్ పెట్టేద్దామనుకున్నాను."

శిష్యురాలు తను రాసిన కాగితాన్ని బల్లమీద పెట్టింది.

నాలుగు గంటల ముప్పై ఒక్క నిమిషానికి ఫైళ్ళు వచ్చాయి. అయిదు రాత్రుల ఫైళ్ళకు దరఖాస్తు పెడితే మూడే వచ్చాయి. మే, జూన్, ఫిబ్రవరి. శాస్త్రవేత్త మొదట జూన్ తెరిచింది. సంగతి ముందే తెలిసిన ఫైలుతో పద్ధతి సరిచూసుకోవాలి. గాలి గీత ఉండాల్సిన చోట లేదు. ఎనిమిది కిలోమీటర్ల వేగానికి ఎంత జరగాలో అంత జరిగి ఉంది. పద్ధతి సరిగానే ఉంది.

తర్వాత ఫిబ్రవరి తెరిచింది. ఆ రాత్రి దిద్దుబాటు ప్లస్ పద్నాలుగు. గీత జరగకపోతే ఏప్రిల్ మాట నిజం. జరిగితే కాదు. ఆమె గీత మీద కర్సర్ పెట్టి అంకె చదివింది. శిష్యురాలిని పిలిచి, ఏమీ చెప్పకుండా మౌస్ ఆమె చేతికిచ్చింది. శిష్యురాలు రెండుసార్లు కొలిచింది. రెండోసారి వేరే గీతతో కొలిచింది.

"పద్నాలుగు," అంది.

"ఎటు?"

"దిద్దుబాటు వైపే. ఫిబ్రవరికల్లా మారిపోయింది మేడం. ఫిబ్రవరిలో మారి ఉంటే మార్చిలోనూ అంతే."

నాలుగు చోట్లూ రాసిన కాగితాన్ని శిష్యురాలు మడిచి జేబులో పెట్టుకుంది.

"మాన్యువల్‌కి చెప్పాలి," అంది తర్వాత. "ఫ్యాను ఫిబ్రవరిలోనే చెడిపోయిందని."

శాస్త్రవేత్త పత్రికకు మెయిల్ రాయడం మొదలుపెట్టింది. మొదటి వాక్యంలో తప్పు ఏమిటో రాసింది. రెండో వాక్యంలో అది తన ప్రోగ్రాం వల్ల జరిగిందని రాసింది. "మా" అని కొట్టి, చెరిపి, "నా" అని కొట్టింది.

"మన ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా మేడం వ్యాసంలో," అంది శిష్యురాలు.

"ప్రోగ్రాంలో నా పేరే ఉంది."

మూడో వాక్యంలో వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు రాసింది. పంపేముందు శిష్యురాలు ఒకసారి చదివి, తేదీ తప్పు కొట్టారని చూపించింది. దిద్దారు. మెయిల్ నాలుగు గంటల యాభై రెండు నిమిషాలకు వెళ్ళింది.

అయిదు గంటల నాలుగు నిమిషాలకు పత్రిక నుంచి జవాబు వచ్చింది. వ్యాసాన్ని ఈ సంచిక నుంచి తొలగించామని అందులో ఉంది. అయిదుంబావుకు ప్రచార విభాగం అధికారి ప్రకటన రద్దు చేశాడు. మంత్రిత్వ శాఖకు ఏం చెప్పాలని డైరెక్టర్ ఫోన్ చేసి అడిగాడు. జరిగింది చెప్పండి అంది ఆమె. అది అంత చిన్నగా ఉండదు కదా అన్నాడాయన. మూడు వాక్యాలేనని ఆమె చదివి వినిపించింది.

శిష్యురాలు ఇంటికి వెళ్ళలేదు. తన గదిలో కూర్చుని పక్కన పెట్టిన మూడు నక్షత్రాలనూ తిరిగి లెక్కలో చేర్చింది. దిద్దుబాటు ఒక్కసారే వేసి, పదిహేడింటితో లెక్క మొదటి నుంచి నడిపించింది. అయిదు గంటల నలభై నిమిషాలకు శాస్త్రవేత్తకు ఆ అంకె పంపింది. నడిబొడ్డున కృష్ణబిలం ఉంటే దాని బరువు తొమ్మిది వందల సూర్యులకు మించదు. కింది హద్దు సున్నా.